ఏడో నంబరు కొండలమ్మ

పదహారేళ్ల తరవాత ఒక మనిషి వచ్చి మన అరుగు మీద కూచుంటే, ఆ మనిషెవరో తెలిసి కూడా తెలియనట్టు మూడు వారాలు ఎందుకు ఊరుకుంటారు? జీలుగుగెడ్డ కొండలమ్మ ఎందుకు ఊరుకుందో, ఇది రాసుకుంటున్న కరుణకుమారికి ఈ వయసులో కూడా అంతుపట్టదు. మొదటిరోజు ఊళ్లో అడుగుపెట్టగానే గుర్తుపట్టిందా, మాటల్లో గొంతు విని పోల్చుకుందా, లేకపోతే ఆ ప్రశ్న చెవిన పడేదాకా ఆమెకూ గుర్తు రాలేదా? ఈ సంగతి ఆమెను ఎన్నడూ అడగలేదు. అడిగే మొహం తనకు ఉందనుకోలేదు.

కరుణకుమారిది నర్సీపట్నమే. తండ్రి జాన్ పాల్ మాస్టారు మిషన్ బడిలో పంతులు. ఆదివారం గుడిలో హార్మోనియం కూడా ఆయనే వాయించేవాడు. పలక మీద అక్షరం వంకర పోతే ఆయన కొట్టేవాడు కాదు. చెరిపేసి మళ్లీ రాయించేవాడు, అంతే. అలా చెరిపి చెరిపి రాసినందుకు కూతురికి ముత్యాల్లాంటి చేతిరాత వచ్చింది. నర్సు ట్రైనింగు ముగించుకుని ఎనభై ఎనిమిదిలో ఊళ్లో ఒక ఆసుపత్రిలో చేరింది. ఇరవై ఏళ్లు కాన్పుల వార్డు. వరండాలో నడుస్తూ లోపలి మూలుగు విని, ఇంకో గంట పడుతుందనో, గ్లౌజు వేసుకోండనో చెప్పగలిగేది. వార్డులో ఆమె చెప్పిన గంట తప్పడం అరుదు.

పెళ్లాడింది జోసఫ్ రాజుని. కరెంటు ఆఫీసులో లైన్‌మేన్. స్తంభం ఎక్కేటప్పుడు ప్రార్థన చేసుకునేవాడు, దిగాక ఊరందరి మీదా జోకులు వేసేవాడు.

రెండువేల ఏడులో ఆమె ఒక కొత్త చదువు సంగతి ఇంట్లో చెప్పింది. విదేశంలో ఒక యూనివర్సిటీ, ఇంటర్నెట్టులోనే పాఠాలు, రెండేళ్ల మాస్టర్స్ డిగ్రీ. గ్లోబల్ విమెన్స్ హెల్త్. బీద దేశాల నర్సులకి ఫీజు లేదు. అప్పటికి ఆమెకు నలభై ఒకటి.

"అంటే ఏటి, ప్రపంచంలో ఆడోళ్లందరి ఆరోగ్యమూ నువ్వే చూస్తావా?" అన్నాడు జోసఫ్ రాజు. "మరి ఈ ఇంట్లో మగోడి నడుంనొప్పి ఎవరి సిలబస్సులో ఉంది?"

"మీది ఎలక్ట్రికల్ కదండీ. నాకు రాదు."

నవ్వినా, సాయం మాత్రం గట్టిగానే చేశాడు. ఏ రోజు ఏ ఫీడరుకి కరెంటు కట్టో ఆయనకు ముందే తెలుసు. పొద్దున్న కేరేజీ అందుకుంటూ, "ఈవేళ పదింటి నుంచి రెండింటి దాకా బస్టాండు వీధిలో కట్టు. నీ గ్లోబు ఆ తరవాత తిప్పుకో" అని చెప్పి పోయేవాడు.

కంప్యూటరు ఇంట్లో లేదు. బస్టాండు ఎదురుగా మత్స్యలింగంగారి ఇంటర్నెట్ సెంటరు. అంతకుముందు అది ఎస్టీడీ బూతు. ఆయన అరవయ్యో పడిలో ఉన్న పెద్దమనిషి, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని హాల్ టిక్కెట్లు ప్రింటు తీసేవాడు. డ్యూటీ దిగిన కరుణకుమారి మధ్యాహ్నాలు అక్కడికే వెళ్లేది. పాఠం దిగడానికే ముప్పావుగంట. హెడ్‌ఫోను పెట్టుకుని, ఆ ఇంగ్లీషు చెవికి పట్టేదాకా ఒకటే ముక్క నాలుగుసార్లు వినేది. కష్టమల్లా బొమ్మలతో వచ్చింది. గర్భాశయం బొమ్మ తెరంతా నిండి ఉండగా, ఒకరోజు మత్స్యలింగంగారు గోడవైపు తిరిగి నిలబడి, "సిస్టరుగారండీ, ఆ బొమ్మ కొంచెం బేగి మార్చగలరా? గుడి పంతులుగారు కొడుకు రిజల్ట్స్ చూసుకోడానికొచ్చేరు" అన్నాడు.

"ఆయనా అందులోంచి వచ్చినాయనే కదండీ."

"అది ఆయనకీ తెల్సండి. గుర్తు సెయ్యడమెందుకని."

మర్నాటికి చివరి కేబినుకి పాత దుప్పటి ఒకటి తెరలా కట్టి ఉంది. అప్పట్నుంచి అది సిస్టరుగారి కేబిను.

ఆమెతో పాటు చదివేవాళ్లు కెన్యాలో ఒకరు, పెరూలో ఒకరు, ఫిలిప్పీన్స్‌లో ముగ్గురు. మొదటి వ్యాసానికి మార్కులు బొటాబొటీగా వచ్చాయి. ట్యూటరు కింద ఒక వాక్యం రాసింది: పుస్తకాల్లో ఉన్నది మాకూ తెలుసు, మీరు చూసింది రాయండి. కరుణకుమారి ఆ వాక్యాన్ని నోటుబుక్కులోకి ఎత్తి రాసుకుంది. ఇరవై ఏళ్లలో తను చూసింది కాన్పులు. కాన్పుకి రానివాళ్లని చూడలేదు. కొండ మీద ఆడవాళ్లు ఎందుకు కిందకి దిగరు, దిగినా ఎందుకు అంత ఆలస్యంగా దిగుతారు? చివరి ఏడాది పరిశోధనకి అదే పెట్టుకుంది. పన్నెండుమంది ఆడవాళ్లతో మాట్లాడాలి. రెండువేల తొమ్మిది జూన్‌లోపు ఇచ్చెయ్యాలి.

జూన్ అనడానికి ఇంకో కారణం ఉంది. విశాఖపట్నంలో ఒక నర్సింగు స్కూలు వాళ్లు ట్యూటరు పోస్టు ఇస్తామన్నారు. జూన్‌కల్లా డిగ్రీ చేతిలో ఉంటేనే. ఇరవై ఏళ్ల నిలువుకాళ్ల ఉద్యోగంతో ఆమె పిక్కల మీద నరాలు నల్లగా పాకి ఉండేవి. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పడమనే మాట తలుచుకుంటేనే ఆమెకు కాళ్లు తేలికయ్యేవి.

యూనివర్సిటీ వాళ్లు సమ్మతి పత్రం పంపారు. నాలుగు పేజీలు. మాట్లాడే ప్రతి మనిషీ అది విని, ఒప్పుకుని, సంతకమో వేలిముద్రో వెయ్యాలి. తెలుగు చేసింది కరుణకుమారి, టైపు చేసింది మత్స్యలింగంగారు.

"‘ఏ సమయమునందైనను విరమించుకొను హక్కు’ ఏటండీ సిస్టరుగారూ? ఇది చదువుతుంటే నాకే భయమేస్తంది. ఎవరికో ష్యూరిటీ పెడుతున్నట్టుంది."

"వాళ్ల మంచికేనండి."

"ఇలాటి కాగితాలన్నీ మన మంచికేనండి" అని ఆయన ప్రింటు తీసి ఇచ్చాడు.

జనవరిలో ఒక గురువారం, చింతపల్లి రూటు జీపులో ఘాటీ ఎక్కి, కొండ మీద దిగింది. అక్కణ్నుంచి మూడు మైళ్లు నడక. జీలుగుగెడ్డలో ఇరవై ఏడు ఇళ్లు. ఆడవాళ్లు చుట్టూ చేరారు, బాగానే మాట్లాడారు. ఏ గుంటకి ఎన్నాళ్లు పాలిచ్చారో, మంత్రసాని చచ్చిపోయాక ఏ ఇబ్బంది పడ్డారో, ఒకరి మాట మీద ఒకరు పడి చెప్పారు. కరుణకుమారి సంచిలోంచి కాగితాలు తీసింది. ఇంకు పేడ్ మూత తీసింది. అంతే. ఒకామెకి మేకలు గుర్తొచ్చాయి. ఒకామెకి పొయ్యి మీద జావ గుర్తొచ్చింది. పావుగంటలో అరుగు మీద ఒక్కతే మిగిలింది, అడ్డాకులతో విస్తరి కుడుతూ. నలభైకి అటూఇటూ ఉంటుంది. ముక్కుకి మూడు పుడకలు.

"ఆ నల్లడబ్బా మూసీ నర్సమ్మా" అంది ఆ మనిషి తల ఎత్తకుండా. "అది సూసే ఆల్లు ఎల్లిపోనారు. ఎనక మా ఊల్లో మూడు కుటంబాలు ఆ డబ్బాలో ఏలెట్టి బూవి పోగొట్టుకున్నాయి."

"ఇది భూమి కాగితం కాదమ్మా. ఒట్టినే, మీరు ఒప్పుకున్నట్టు."

"ఆల్లకీ అలగే సెప్పేరు."

ఆమే కొండలమ్మ. ఆ రోజు ఆమె కరుణకుమారికి రాగి అంబలి పోసి, జీపు దాకా తోవ చూపించి పంపింది.

కరుణకుమారి ట్యూటరుకి ఉత్తరం రాసింది: ఇక్కడ వేలిముద్ర అడిగితే మనిషి దొరకదు, నోటిమాట చాలదా? ఇలాంటివి చూసే యూనివర్సిటీ కమిటీ ఆలోచిస్తుందన్నారు. ఆలోచిస్తున్నంత కాలం ఆమె ఊరుకోకుండా రెండో గురువారమూ వెళ్లింది. కాగితాల సంచి ఇంట్లో వదిలేసి వెళ్లి, ఊరికే కూర్చుంది. కొండలమ్మ ఆమె చేతికీ ఒక ఈనెపుల్ల ఇచ్చి విస్తరి కుట్టడం నేర్పింది. కరుణకుమారి కుట్టిన విస్తరి చూసి ఆడవాళ్లు నవ్వుకున్నారు.

"ఇందల కూడెడితే నేలే సగం తినెస్తది" అంది గున్నమ్మ, కొండలమ్మ పక్కింటి మనిషి.

మూడో వారానికి అనుమతి వచ్చింది. సాక్షి ఎదుట నోటితో ఒప్పుకుంటే చాలు, టేపులో రికార్డు చెయ్యాలి. కరుణకుమారి రెండురోజులు సెలవు పెట్టి అక్కడే ఉండిపోయి ఆరుగురితో మాట్లాడింది. శుక్రవారం మధ్యాహ్నం ఏడో మనిషిగా కొండలమ్మ కూచుంది. సాక్షి ఆమె కూతురు లోవలక్ష్మి. ఆశ్రమ పాఠశాలలో పది ప్యాసయి, ఇంటర్ చదువుతున్న పద్దెనిమిదేళ్ల పిల్ల.

కరుణకుమారి టేపు నొక్కి, మిగతా ఆరుగురినీ అడిగినట్టే మొదటి ప్రశ్న అడిగింది.

"పిల్లలెంతమంది?"

"ముగ్గురు."

మూడు అని రాసుకుంది.

"అలగే రాసేవు ఆ ఏల కూడా" అంది కొండలమ్మ.

"ఏ వేళ?"

"కేంపులోన. కింద బడి కాడ టెంటు ఏసేరు కదా. ఇది సంకలో గుంట అప్పుడు." లోవలక్ష్మి వైపు గడ్డం ఊపింది. "నువ్వు బల్ల కాడ కూకున్నావు. పిల్లలెంతమందీ అన్నావు. ముగ్గురన్నాను. బేగి బేగి రాసీసేవు. నీ రాత బాగుంటాది, అప్పుడే అనుకున్నాను."

కరుణకుమారి కలం ఆగింది. తొంభై రెండు, తొంభై మూడుల్లో అలాంటి క్యాంపులు చాలా జరిగాయి. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు. చేతిరాత బాగుంటుందని, వేగంగా రాస్తుందని ఆసుపత్రి వాళ్లు ప్రతిసారీ ఆమెనే బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. కాగితంలో పిల్లలు ఇద్దరు దాటితే ఆ మనిషిని ఆపరేషను వరసలోకి పంపేవారు.

"ముగ్గురే కదక్కా మరి?" అంది. అమ్మా అనడం మానేసి అక్కా అన్నది తనకు తెలియకుండానే.

"ముగ్గురే. నా తోటికోడలు అమ్మోరొచ్చి పోయింది. దాని గుంటలిద్దరు నా కంచంలోనే తిన్నారు. ఇది ఒకత్తి. ముగ్గురు కాదా? నువ్వు పిల్లలెంతమందన్నావు, నాను సెప్పేను. నాను కన్నోలు ఎంతమందని నువ్వడగనేదు."

గాలికి అడ్డాకుల దొంతర మీది ఆకు ఒకటి లేచి పడింది. లోవలక్ష్మి దాన్ని తీసి మళ్లీ పెట్టింది.

"మరి ఆపరేషనుకని తెలీకుండానే..."

"కడుపునొప్పని ఎల్లేను. జీపు ఒచ్చింది, అందరూ ఎక్కేరు, నానూ ఎక్కేను. ఏలెయ్యమన్నావు, ఏసేను. మందుకనుకున్నాను. ఆ తరవాత మూడేల్లు సూసేం, నాలుగేల్లు సూసేం. మా ఆయన సింగన్న మొక్కని రాయి నేదు. అప్పుడు ఒక సిస్టరు టీకాకొచ్చి, ఈ గాటు సూసి సెప్పింది, నీకింక పుట్టరే అని."

కరుణకుమారి చెయ్యి పోయి టేపు ఆపేసింది.

"ఆపీసేవేటి?" అంది కొండలమ్మ. ఆ గొంతులో కోపం లేదు. "ఇప్పుడే కదా సెప్తన్నాను."

కరుణకుమారి మళ్లీ టేపు నొక్కింది. ఇంకో గంట సేపు కొండలమ్మ చెబుతూనే ఉంది. ఆ క్యాంపు తరవాత ఆ ఊరి ఆడవాళ్లు కిందికి దిగకపోవడానికి కారణం అందులోనే ఉంది. పరిశోధన మొత్తానికి కావలసిన జవాబు అదే. అంత తేటగా మిగతా ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చి ఆమె ఆ రోజును గుర్తు చేసుకోవడానికి చూసింది. టెంటు గుర్తొచ్చింది. స్పిరిట్ వాసన, మధ్యాహ్నం పులిహోర పొట్లాలు గుర్తొచ్చాయి. ముక్కుకి మూడు పుడకల పడుచు ఎంత వెతికినా కనబడలేదు. వరసలో ఎనభైమందికి పైగా ఆడవాళ్లు, తను తలెత్తకుండా రాస్తోంది. తల ఎత్తి ఉంటే కదా గుర్తుండడానికి.

మాట్లాడే మనిషికీ తనకూ మధ్య వెనకటి సంబంధం ఏదైనా ఉంటే కమిటీకి చెప్పి తీరాలని రూలు. చెబితే మొదటి నుంచీ మళ్లీ పరిశీలన. జూన్ దాటిపోతుంది. జోసఫ్ రాజు అంతా విని, కాసేపు తీగలు తుంచే పకడుతో ఆడుకున్నాడు.

"ఒక్క మాట చెప్తాను కరుణా. అక్కడ డాక్టర్లున్నారు, ఆఫీసర్లున్నారు, టార్గెట్లున్నాయి. నువ్వు రాయమన్నది రాసేవు. ఏడో నంబరు తీసీసి ఇంకొకామెని చూసుకో. కొండ మీద ఆడోళ్లకి కరువా?"

"తీసేస్తే మిగతాదంతా అబద్ధమవుతుందండి."

"అయితే ఉంచు. సంబంధం సంగతి చెప్పకు. ఆ దొరలొచ్చి టెంటు కింద చూసేరా?"

ఆయన పకడు సంచిలో పెట్టేసుకుని, "కాళ్లు నీవి. నిలబడేదీ నువ్వే" అన్నాడు. దెప్పినట్టు అనలేదు.

నాలుగు రోజులు దుప్పటి తెర వెనక కూర్చుని ఆ ఉత్తరం రాసింది. రాయడం, చెరపడం. అయిదో రోజు రాసింది పొట్టిది: ఏడో నంబరు మనిషికి ఆమె ఎరుక లేకుండా జరిగిన ఆపరేషను కాగితం నింపిన నర్సుని నేనే, ఆమె నన్ను గుర్తుపట్టింది, నేను ఆమెను గుర్తుపట్టలేదు. పంపాక మత్స్యలింగంగారిని మంచినీళ్లు అడిగి తాగింది.

అనుకున్నట్టే అయింది. కమిటీ ఆ ఇంటర్వ్యూ ఉంచుకోవచ్చంది. నర్సుగా తన పాత్రను ఒక అధ్యాయంలో రాయమంది. కానీ ఆ మాట అనేసరికి జూన్ వెళ్లిపోయింది. విశాఖపట్నం పోస్టులో వేరే ఆమె చేరింది. కరుణకుమారి కాన్పుల వార్డులోనే, ఆ కాళ్ల మీదే, మిగతా అయిదుగురితో మాట్లాడటం పూర్తి చేసింది.

కొండలమ్మకి ఈ సంగతి చెప్పడానికి ఆగస్టులో వెళ్లింది. వానకి గెడ్డ నిండి పారుతోంది.

"నీ మాటలు ఉంచుతారంట అక్కా. పేరు మాత్రం రాయరు. ఏడో నంబరు అని ఉంటుంది."

"ఏడేటి?"

"నీకు ఇబ్బంది రాకుండా. అదే పద్ధతి."

"నాకింక కొత్తగా ఒచ్చీ ఇబ్బంది ఏటుంది?" అంది కొండలమ్మ. కుడిచెయ్యి చాపి మణికట్టు చూపించింది. "ఆ ఏల ఇక్కడ పలాస్త్రీ పట్టీ అంటించి దాని మీద నంబరు రాసేరు. బల్ల మీద పడుకుంటే ఆ నంబరుతోనే పిలిసేరు. నాకు సదువు రాదు, అందుకని పలకనేదు. మల్లీ నంబరేనా? పేరెట్టు. నీదీ ఎట్టు."

"అందులో పెట్టనివ్వరక్కా."

"అయితే పెట్టనిచ్చీదాంట్లో పెట్టు."

డిగ్రీ అక్టోబరులో వచ్చింది. మార్కులు బాగానే వచ్చాయి. గుడిలో పాస్టరుగారు పేరు చదివి చప్పట్లు కొట్టించారు. జోసఫ్ రాజు ఆ కాగితానికి ఫ్రేము కట్టించి, అది తగిలించడానికి స్తంభం ఎక్కినట్టు నడుంకి బెల్టు పెట్టుకుని మరీ స్టూలు ఎక్కాడు. ఆ నవ్వులన్నీ అయ్యాక ఆమె మళ్లీ మత్స్యలింగంగారి దగ్గరకి వెళ్లి, చేత్తో రాసిన ఆరు పేజీల తెలుగు ఆయన ముందు పెట్టింది. కొండలమ్మ చెప్పింది చెప్పినట్టు. ఆయన ఆ మధ్యాహ్నమంతా టైపు చేశాడు. ఒక్క జోకూ వెయ్యలేదు.

"పేర్లు ఇలాగే ఉంచీమంటారా?"

"ఉంచండి."

"మీదీనా?"

"నాదే ముందు రావాలండి. చూడండి, మొదటి పేజీలోనే ఉంది."

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, ఆ పేజీ మరోసారి చదివి, రెండు కాపీలు తీశాడు.

డిసెంబరు మొదటి గురువారం కరుణకుమారి జీలుగుగెడ్డ వెళ్లింది. కళ్లంలో రాగులు నూర్చే పని. కొండలమ్మ చేతులు దులుపుకుంటూ వచ్చి అరుగు మీద కూచుంది. లోవలక్ష్మి కాగితాలు అందుకుని, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. "జీలుగుగెడ్డ గ్రామం కొండలమ్మ చెప్పినది. ఆ రోజు బల్ల వద్ద కూర్చుని ఈమె కాగితం నింపిన నర్సు పేరు కరుణకుమారి. ఆమెయే దీనిని రాసినది." పని ఆపి గున్నమ్మ వచ్చింది. ఇంకో నలుగురు వచ్చారు. ఆ పేరు దగ్గర అందరూ ఒకసారి కరుణకుమారి వైపు చూశారు. ఆమె తల దించుకోలేదు. లోవలక్ష్మి చదువుకుంటూ పోయింది.

నాలుగో పేజీలో కొండలమ్మ చెయ్యెత్తింది. "ఆగు. అదేటి, జీపులో ఏడ్సేనని రాసుంది? నాను ఏడవనేదు. ఏడ్సింది గున్నమ్మ. నాను దానికి నీల్లిచ్చేను."

"అవును, నానే" అంది గున్నమ్మ. "నా పేరు కూడా ఎట్టండలగైతే."

కరుణకుమారి కలం తీసి ఆ వాక్యం కొట్టేసి, పైన సరిగ్గా రాసింది. నెమ్మదిగా రాసింది. లోవలక్ష్మి చూసి తల ఊపింది. ఆరో పేజీ అయిపోయింది. కొండలమ్మ కాగితాలు తన చేతిలోకి తీసుకుని, తిరగేసి, మళ్లీ కూతురి చేతికిచ్చింది.

"ఇందల నా పేరెక్కడుందో సూపించు."

లోవలక్ష్మి వేలు పెట్టి చూపించింది. కొండలమ్మ అక్కడ తన వేలు పెట్టి ఉంచింది.

"మొదట్నించీ సదువు. కల్లంలో ఉన్నోల్లని కూడా రమ్మను."

కళ్లంలోంచి మగవాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. పిల్లలు అరుగెక్కారు. అందరి కళ్లూ లోవలక్ష్మి చేతిలోని కాగితం మీద ఉన్నాయి. కరుణకుమారి మెల్లిగా లేచి, సంచి భుజాన వేసుకుని, అరుగు కింద చెప్పులు కాళ్లతో వెతుక్కుని తొడుక్కుంది. కొండలమ్మ అటువైపు తిరిగి వింటోంది. కరుణకుమారి ఆమె వీపు వైపు ఒకసారి చూసి, పసుపు మడి గట్టు మీదుగా గెడ్డ వైపు నడిచింది.

మూడు మైళ్ల నడక చివర, రోడ్డు మీద ఆగి ఉన్న జీపు డ్రైవరు హారన్ కొట్టబోయి, ఆమె వస్తుండటం చూసి మానేశాడు.